ఆకుపచ్చ సున్నా

సరిగ్గా మూడింటికి మీట నొక్కి, కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంక గంటసేపు ఆవిడ చేయాల్సిన పనేమీ లేదు. ఏ పనీ లేకుండా కూర్చోవడమంత కష్టమైన పని ఆవిడకు ఇంకోటి లేదు, ఫోటో తీయించుకోవడానికి కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉంటుంది. ఎదురుగా తెర. తెర మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, పక్కన రంగుల పట్టీలు, మధ్యలో ఒక గుండ్రం. పైన కుడి మూలన ఒక సున్నా, ఆకుపచ్చగా. తప్పులు సున్నా అని దానర్థం. ఆ సున్నా గంటసేపు సున్నాగానే ఉండాలి, ఆకుపచ్చగానే ఉండాలి. ఉంటే నాలుగింటికి మేనేజరు కాగితం పట్టుకుని వస్తాడు, ఆవిడ సంతకం పెడుతుంది, కింద వ్యానులో ఎక్కించి పెట్టిన అట్టపెట్టెలు బస్సు డిపోకు బయల్దేరతాయి, రెండు వందల బస్సుల వెనక బిగించడానికి రెండు వందల కెమెరాలు. బస్సు వెనక్కి పెట్టేటప్పుడు వెనకాల ఏముందో డ్రైవరు తన ముందున్న తెరలో చూసుకోవచ్చు. అలా కాకుండా ఆ సున్నా కాస్తా ఎర్రటి ఒకటిగా మారిందంటే ఆరు వారాల పని మళ్ళీ మొదటికొస్తుంది. మారదులే అనుకుంది. మారదు కదా అని మళ్ళీ అనుకుంది. ఇంతా చేస్తే గడిచింది ఒక్క నిమిషం.

గది పెద్దదేమీ కాదు. ఈ చివర బల్ల, తెర, కుర్చీ, కుర్చీలో ఆవిడ. ఆ చివర గోడకు అట్ట మీద అంటించిన గళ్ళ బొమ్మ, తెరలో కనబడుతున్నది దాన్నే. మధ్యలో మూడు కాళ్ళ స్టాండు మీద అగ్గిపెట్టెంత కెమెరా. వెలుగు మారకూడదని కిటికీకి బ్లైండ్లు ఎప్పుడూ దించే ఉంటాయి. కెమెరాకు, గోడకు మధ్య ఎవరూ అడుగుపెట్టకుండా నేల మీద పసుపు రంగు టేపు. టేపు అంటించింది ఆవిడే, 'పరీక్ష జరుగుతున్నప్పుడు గీత దాటవద్దు' అని లావుపాటి అక్షరాలతో కాగితం రాసి పెట్టిందీ ఆవిడే. ఊరికే కాదు. నెల కిందట ఇలాగే ఒక పరీక్ష యాభై రెండో నిమిషంలో ఉండగా అకౌంట్సాయన టీ కప్పు పట్టుకుని, "మేడం, మీ సెలవు చీటీ ఒకటి..." అంటూ కెమెరా ముందు నుంచి తాపీగా నడిచొచ్చాడు. కెమెరా తీసిన ప్రతి బొమ్మనూ కంప్యూటరు గోడ మీది అసలు బొమ్మతో పోల్చి చూస్తుంది, సెకనుకు ముప్ఫై బొమ్మలు, ఒక్కదాంట్లో తేడా వచ్చినా అది తప్పే. గళ్ళకు అడ్డంగా అకౌంట్సాయన పొట్ట వచ్చింది. సున్నా కాస్తా ఎర్రగా నలభై ఒకటయింది. ఆవిడ ఆయన్ని అన్న మాటలు ఇక్కడ చెప్పుకోవడం మర్యాద కాదు గానీ, పాపం ఆ మనిషి వారం రోజులు మెట్లెక్కి తిరిగాడు, లిఫ్టులో ఈవిడ ఎదురుపడుతుందేమోనని. ఆ సాయంత్రమే టేపు పడింది. అప్పటినుంచి గీత లోపలికి చీమ కూడా రాలేదు. ఊడ్చే ఆవిడ గీత దాకా ఊడ్చి, "మీరు మళ్ళీ అరుస్తారు, నాకెందుకమ్మా" అని వెనక్కి తిరుగుతుంది. లోపల నేల మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము పేరుకుంది.

అసలు తప్పు ఆవిడది కాదు, అది ముందు చెప్పుకోవాలి. ఆవిడ కూడా రోజుకు నాలుగుసార్లు చెప్పుకుంటుంది. తప్పు చిప్‌ది. కెమెరా చూసిన బొమ్మను అందుకుని మెమరీలో పరిచే చిప్ ఒకటుంటుంది. దానికి మెమరీలో నాలుగు పళ్ళేలు చూపించి, వరసగా వడ్డించుకుంటూ పొమ్మంటారు. ఒక పళ్ళెం నిండగానే అది "అయింది" అంటుంది, ఆ పళ్ళెం తెరకు పోతుంది, అక్కడ పని అయిపోయాక మళ్ళీ చిప్ దగ్గరకు తిరిగొస్తుంది. ఈ పళ్ళేలు అటూ ఇటూ అందించే ప్రోగ్రామునే డ్రైవరంటారు, ఆవిడ రాసేది అదే. "ఇద్దరం డ్రైవర్లమేనే, నాదానికి చక్రాలున్నాయి, అంతే" అని అక్క ఎగతాళి చేస్తుంది. ఇంతకూ ఈ చిప్‌కు వడ్డన రాదు. పళ్ళెం నిండాక ఆగదు, ప్రతిసారీ అంచు దాటించి ఇంకో అరవై నాలుగు బైట్లు పక్కన పోస్తుంది. పక్కన ఏముంటే అది పాడవుతుంది. ఒక్కోసారి అక్కడ ఉండేది పళ్ళేలు ఎక్కడెక్కడున్నాయో రాసిపెట్టుకున్న చిట్టా. అది పాడయిందంటే చిప్ కొత్త బొమ్మల్ని పళ్ళెంలో కాకుండా ఎక్కడో పారబోస్తూ, ఏమీ ఎరగనట్టు "అయింది, అయింది" అంటూనే ఉంటుంది. తెరకు మాత్రం పాత పళ్ళేల్లో ఉన్న పాత బొమ్మలే తిరుగుతుంటాయి. చిప్ చేసిన కంపెనీకి రాస్తే పది రోజులకు రెండు ముక్కల జవాబొచ్చింది. 'ఇది మాకు తెలిసిన లోపమే. డ్రైవరులో సర్దుకోగలరు.' అంతే, చేతులు దులుపుకున్నారు. సర్దుకోగలరట, ఎంత సులువుగా అన్నారో. సర్దుకుంది మరి, ఏం చేస్తుంది. ప్రతి పళ్ళెం పక్కనా కాస్త ఖాళీ జాగా వదిలింది, పోస్తే ఇందులో పొయ్యవే తల్లీ అని. చిట్టాను తీసుకెళ్ళి దూరంగా, దాని చెయ్యి అందని చోట దాచింది. ఎవరి చిప్‌లో ఏ చిరుగున్నా ఈవిడే అతుకు వెయ్యాలి కాబట్టి ఆఫీసులో వెనకాల 'అతుకుల మేడం' అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి పైకి కోపం నటిస్తుంది గానీ, లోపల కాస్త గర్వమే.

సర్దుకోవడం ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టి పెరిగిన ఇల్లంతా సర్దుబాట్లే. వీధి తలుపు కాస్త పైకెత్తి, కుడి భుజంతో ఒక్క తోపు తోస్తే గానీ గడియ పడదు. స్నానాల గదిలో లైటు స్విచ్చి రెండుసార్లు వెయ్యాలి, మొదటిసారి అది నమ్మదు. కుళాయి ఆపాలంటే తిప్పి, కాస్త వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పాలి. మంచం నాలుగో కాలి కింద మడతపెట్టిన అట్టముక్క, దాన్ని ఎవరైనా ఊడ్చేటప్పుడు లాగేశారంటే ఆ రాత్రి అందరూ ఒక పక్కకు దొర్లుతూ పడుకోవడమే. కొత్తగా ఎవరైనా ఇంటికొస్తే అమ్మ వాళ్ళ వెనకాలే తిరుగుతూ, "కాస్త పైకెత్తమ్మా... ఊఁ, ఇప్పుడు తొయ్యి" అని చెబుతుండేది. ఇంట్లో చిన్నదైన ఈవిడకు అవన్నీ వేళ్ళకే తెలుసు, తడుముకోకుండా తిరిగేది. "నా బంగారం, దీనికి ఒక్కసారి చెబితే చాలు" అని అమ్మ మురిసిపోయేది. అక్క అలా కాదు, అక్కకు ఓపిక లేదనేవాళ్ళు. ఒక సెలవు రోజు పొద్దున్న అందరూ లేచి చూస్తే వీధి తలుపు లేదు. అక్క దాన్ని ఊడదీసి గుమ్మంలో పడుకోబెట్టి చిత్రిక పడుతోంది, జుట్టు నిండా చెక్కపొట్టు. చిత్రిక పక్కవీధి వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకుందట. అమ్మ లబోదిబోమంది. "ఇన్నేళ్ళూ బాగానే వేసుకుంటున్నాం కదే!" "బాగా ఎక్కడ వేసుకుంటున్నామమ్మా, రోజూ భుజం నొప్పని మందు రాసుకుంటున్నావు" అంది అక్క, తల ఎత్తకుండా. సాయంత్రానికి తలుపు ఒక్క వేలితో పడింది. ఆ తర్వాత నెల రోజులపాటు ఈవిడ మాత్రం అలవాటు కొద్దీ తలుపు పైకెత్తి తోసి, ముందుకు తూలిపడబోయేది. అక్క పకపకా నవ్వేది. ఆ నవ్వు వింటే అప్పట్లో ఒళ్ళు మండిపోయేది.

మూడూ పంతొమ్మిది. సున్నా ఉంది. అక్క ఇప్పుడు ఎక్కడుంటుందో, ఏ సిగ్నల్ దగ్గర ఎవరిని తిడుతూ ఉంటుందో. ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతోంది అక్క. ఎలా పనిచేస్తాయో చూడటానికి సోమవారం ముందుగా పన్నెండు బస్సులకు ఈ కెమెరాలు బిగించారు, ఆ పన్నెండులో ఒకటి అక్కది. లోపల ఇదే ప్రోగ్రాము, అక్షరం తేడా లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు ఈవిడ ఆనందం పట్టలేక అక్కకు ఫోన్ చేసి గంటసేపు ఊదరగొట్టింది, పళ్ళేలు, చిట్టా, అరవై నాలుగు బైట్లు, అన్నీ. అక్క అంతా విని, "అయితే ఇంక వెనకాల మనిషి ఉండడా?" అంది. డిపోలో బస్సుల్ని షెడ్డులోకి వెనక్కి పెట్టేటప్పుడు పెద్ద మీసాలాయన ఒకాయన వెనక నిలబడి, బస్సు ఒంటి మీద అరచేత్తో తడుతూ, "రానీ, రానీ, రానీ... ఆగాగాగు!" అంటాడు. అందరూ ఆయన్ని రానీ మామ అనే అంటారు. కెమెరాలొచ్చాయి కదా అని, ఇవాళ్టి నుంచి ఆ పన్నెండు బస్సులకూ ఆయన అక్కర్లేదన్నారు, టైర్ల గోదాములో వేశారు. "ఆయనకేమే, హాయిగా నీడపట్టున కూర్చుంటాడు" అంది ఈవిడ. "అది కాదే. అద్దాల్లో పక్కలు కనబడతాయి గానీ సరిగ్గా వెనకాల ఏముందో కనబడి చావదు. ఆయన గొంతు వింటూ పెట్టడం అలవాటు. ఆ గొంతు ఆగిందా, నేనూ ఆగుతా." "ఇకమీదట తెర చూస్తూ పెట్టు. ఆయనకన్నా బాగా చూస్తుంది, రెప్ప కూడా వెయ్యదు." "నువ్వు చెబుతున్నావు కాబట్టి పెడతా. వాళ్ళు చెబితే పెట్టేదాన్ని కాదు" అంది.

ఆ మాట గుర్తొచ్చి ఆవిడ కుర్చీలో కదిలి కూర్చుంది. నువ్వు చెబుతున్నావు కాబట్టి. అక్క నోటంట అలాంటి మాట వినడానికి నలభై మూడేళ్ళు పట్టింది మరి. అక్క షిఫ్టు నాలుగింటికి దిగుతుంది. పొద్దున్న ఆరింటికి తీసిన బండిని నాలుగు కొట్టేలోపు షెడ్డులో వెనక్కి పెట్టి, తాళం ఇచ్చి ఇంటికెళ్తుంది. ఆ వేళకు షెడ్డు వెనకంతా మనుషులే, బస్సులు కడిగేవాళ్ళు, దిగినవాళ్ళు, ఎక్కబోయేవాళ్ళు. ఒకసారి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూసింది, బస్సుల సందుల్లోంచి జనం ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నారు. పాత బొమ్మ దగ్గర తెర ఆగిపోతే ఏమవుతుందో ఆవిడ మొదటి రోజే లెక్క వేసుకుంది. బస్సు కదులుతున్నా తెరలో బొమ్మ కదలడం లేదని డ్రైవరు గ్రహించడానికి రెండు సెకన్లు. రెండు సెకన్లలో బస్సు రెండు మీటర్లు వెనక్కి వస్తుంది. మనిషి నలగడానికి అందులో సగం చాలు. ఆ లెక్క చూసిన రోజు ఆవిడకు అన్నం సయించలేదు. అందుకే అతుకు మీద అతుకు, పరీక్ష మీద పరీక్ష, చిప్ వేడెక్కితే దాని బుద్ధులు బయటపడతాయని గంటలకు గంటలు ఆపకుండా నడిపించడం. అతుకులన్నీ వేశాక నిన్నటికి మొత్తం నలభై గంటలయ్యాయి, అన్నీ సున్నాలే. ఇవాళ్టిది ఆఖరుది, మేనేజరు ముచ్చట కోసం.

మూడూ ముప్ఫై ఒకటి. ఏసీ గుర్రుమంటోంది, అచ్చం ఇంటాయన నిద్రపోయినట్టే. ఆయన గుర్తుకు రాగానే ఆ చెవి సంగతి గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకుంది. ఆయనకు ఎడమ చెవి సరిగా వినబడేది కాదు. వినబడదని ఆయన ఒప్పుకోడు, వినబడదని ఈవిడ అనదు. నడిచేటప్పుడు కుడి పక్కనే నడిచేది, భోజనాల బల్ల దగ్గర కుడి పక్కనే కూర్చునేది, కూతురు పుట్టి మాటలొచ్చాక దాని కుర్చీ కూడా కుడి పక్కకే చేరింది. ఎడమ పక్క కుర్చీలో పేపర్లు పెట్టుకునేవాళ్ళు. ఆరేళ్ళు. ఒకసారి అక్క వచ్చి నాలుగు రోజులుండి, మూడో రోజు పట్టలేక, "చెవి డాక్టరుకి చూపించకుండా కుర్చీలు మారుస్తున్నారేంటే మీరంతా?" అని బావ అని కూడా చూడకుండా, అదే, మరిదిగారని కూడా చూడకుండా లాక్కెళ్ళింది. డాక్టరు పావుగంటలో చిటికెడు గులిమి తీసి చేతిలో పెట్టాడట. అంతే జబ్బు. ఆయన ఇంటికొచ్చి, "ఇంట్లో ఇంత గొడవగా ఉంటుందా ఎప్పుడూ?" అన్నాడు. ఈవిడకు మాత్రం ఆ రోజంతా ఎందుకో దుఃఖంగా ఉండింది. ఆరేళ్ళు అంత నేర్పుగా మసలుకున్న మనిషిని ఎవరూ ఒక్క మాట మెచ్చుకోకపోగా, పోయిపోయి ఆ చిటికెడు గులిమిని అందరూ వింతగా చూశారు. ఇప్పటికీ ఆయన కుడి పక్కనే కూర్చుంటుంది.

ఏం చూస్తోందో తెలియకుండానే చాలాసేపటి నుంచి కుర్చీలో పక్కకు తిరిగి ఆ చివరి గోడ వంక చూస్తోంది. గోడ మీద సన్నటి వెలుగు గీత. బ్లైండ్లలో ఒక పలక ఎప్పుడో విరిగింది, ఆ సందులోంచి ఎండ పడుతోంది. ఎప్పుడూ పరీక్షలు పొద్దున్నపూట పెట్టుకునేది కాబట్టి ఇన్నాళ్ళూ కనబడలేదు, ఇవాళ మేనేజరు తొందర వల్ల మధ్యాహ్నమయింది. బాగుంది ఎండ, గోరువెచ్చటి రంగులో. చిన్నప్పుడు సెలవుల్లో మధ్యాహ్నం పూట మంచం మీద పడుకుని ఇలాంటి గీత గోడ మీద జరుగుతుంటే కనిపెట్టాలని చూసేది, చూస్తున్నంతసేపూ కదిలేది కాదు, ఓసారి కన్నుమూసి తెరిస్తే జానెడు జరిగి ఉండేది. ఇదీ అంతే, ఇందాక గోడ అంచున ఉన్నట్టుంది, ఇప్పుడు అట్ట దగ్గరకు... అట్ట మీదకు వచ్చేసింది. తెల్ల గళ్ళ మీద ఎండ పడితే కంప్యూటరు ఊరుకుంటుందా? తేడా అంటుంది. నలభై నిమిషాల పరీక్ష, నాలుగింటి సంతకం, అంతా ఒక్క విరిగిన పలక పాలు! లేచి బ్లైండు సర్దుదామంటే కిటికీ గీతకు అవతల ఉంది, వెళ్తే తనే అడ్డం వస్తుంది, అకౌంట్సాయన్ని అన్ని మాటలని తనే వెళ్ళి నిలబడితే ఇంక ఆఫీసులో తల ఎత్తుకోనక్కర్లేదు. వెళ్ళకపోతే ఎండ వస్తుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఎండ గీత మూడో వరస గళ్ళ మీద నిండుగా పడింది. ఇప్పుడే, ఇప్పుడే ఎర్రగా అవుతుంది. కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టి తెరిచింది.

సున్నా. ఆకుపచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు. అమ్మయ్య, బతికిపోయాం అనుకుంది. వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆ మాత్రం ఎండకు తేడా రాదేమోలే, కాస్త చూసీ చూడనట్టు పొమ్మని తనే ఎక్కడో రాసి ఉంటుందిలే. రాసిందా? రాయలేదు. లైటు ఒకటి మిణుకుమంటేనే పోయిన నెల ఎర్రబడింది, ఆ లైటు మార్పించింది కూడా. మరి ఎందుకు బతికిపోయాం? ఆ ప్రశ్న ముందు మెల్లగానే వచ్చింది, ఇల్లు తాళం వేశానా అన్నంత మామూలుగా. తెర వంక చూసింది. గళ్ళు, నలుపు, తెలుపు, మూడో వరస కూడా నలుపు, తెలుపు. గోడ వంక చూసింది. మూడో వరస మీద ఎండ. మళ్ళీ తెర. ఎండ లేదు. మళ్ళీ గోడ. ఉంది. అలా ఎన్నిసార్లు చూసిందో, మెడ నొప్పి పుట్టింది. గోడ మీద ఉన్న ఎండ తెరలో ఎందుకు లేదు?

ఎందుకంటే తెరలో ఉన్నది ఈ నిమిషం బొమ్మ కాదు, ఎండ రాకముందుది. ఎప్పటిదో తెలియదు, అయిదు నిమిషాల కిందటిదో, ఇరవై నిమిషాల కిందటిదో. దూరంగా దాచిన చిట్టాను కూడా ఎలాగో పాడుచేసి చిప్ అయింది, అయింది అంటూనే ఉంది, పళ్ళేలు తిరుగుతూనే ఉన్నాయి, కంప్యూటరు ఒక్కో బొమ్మనూ అసలు బొమ్మతో శ్రద్ధగా పోల్చి, సరిపోయింది, సరిపోయింది అంటోంది. ఎందుకు సరిపోదు? కదలని బొమ్మకు పాతదేమిటి, కొత్తదేమిటి, రెండూ ఒకటే. నిన్నటిదాకా నలభై గంటలు ఆ సున్నా తనకేం చెప్పింది? గోడ మీది అట్ట గోడ మీదే ఉందని చెప్పింది. అంతే చెప్పింది. ఇది తనకు తట్టలేదు. పళ్ళేల పక్కన జాగా వదలడం తట్టింది, చిట్టా దాచడం తట్టింది, వేడెక్కించి చూడటం తట్టింది, ఇది మాత్రం తట్టలేదు. తట్టకపోగా, ఎవరైనా అటు నడిస్తే బయటపడేదే, ఎవరూ నడవకుండా టేపు అంటించింది. చీమను కూడా రానివ్వలేదు. ఆరు వారాల్లో ఆ కెమెరాకు నిజమైన పరీక్ష పెట్టింది అకౌంట్సాయన పొట్ట ఒక్కటే, ఆయన్ని పట్టుకుని నానా మాటలూ అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు వెనకాలే, ఆగు, ముందు ఖాయం చేసుకో, అని ఒక చల్లటి గొంతు. అది ఉద్యోగం నేర్పిన గొంతు. లేచింది.

టేపు దాటేటప్పుడు కాలు ఒక్క క్షణం తటపటాయించింది, అంత అలవాటయింది. దుమ్ములో అడుగులు పడ్డాయి. కెమెరాకు ఎదురుగా, అట్టకు వీపు ఆనించి నిలబడింది. ఇక్కణ్ణుంచి తెర దూరంగా, చిన్నగా ఉన్నా అంతా కనబడుతుంది. గళ్ళు, పట్టీలు, గుండ్రం, ఏదీ చెదరలేదు. ఆవిడ లేదు. చెయ్యి ఎత్తింది. రెండు చేతులూ ఎత్తి ఊపింది, ఒడ్డున నిలబడి పడవను పిలిచినట్టు. తెరలో బొమ్మంతా ప్రశాంతంగా ఉంది, పక్కన ఆకుపచ్చ సున్నా. ఎండ ఇప్పుడు తన భుజం మీద పడుతోంది, వెచ్చగా తెలుస్తోంది. భయమేసింది. ఆరు వారాల పని పోయిందని కాదు, సంతకం పోయిందని కాదు, ఉత్త భయం, చిన్నపిల్లలకు వేసేలాంటిది. వేడెక్కాకనే ఇలా అవుతోంది కాబోలు. అక్క బండిలో కెమెరా పొద్దున్న ఆరింటి నుంచీ వేడెక్కుతూనే ఉంది. గోడ మీది గడియారం మూడూ నలభై ఏడు చూపిస్తోంది.

నిలబడ్డ చోటునుంచే ఫోన్ తీసి అక్కకు చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. నడిపేటప్పుడు అక్క ఫోన్ ఎత్తదు, ప్రాణం పోయినా ఎత్తదు, ఆ విషయంలో అక్కను చూసి గర్వపడని రోజు లేదు, ఇవాళ మాత్రం ఎత్తవే, ఒక్కసారికి ఎత్తవే అని పైకే అంది. మళ్ళీ చేసింది. మళ్ళీ. నాలుగోసారి మోగుతుండగా తలుపు తెరుచుకుని మేనేజరు వచ్చాడు, చేతిలో కాగితం, జేబులో పెన్ను, చూపు నేరుగా తెర మీదకు.

"అబ్బ! సున్నా! నేను చెప్పలా మేడం? ఇంకో పది నిమిషాలు ఆగడం ఎందుకు, సంతకం పడేస్తే..." అంటూ కుర్చీ వైపు తిరిగి, అందులో ఎవరూ లేకపోవడం చూసి, "మేడం?" అన్నాడు.

"ఇక్కడున్నాను సార్."

ఆయన తల తిప్పి చూశాడు. గీత అవతల, కెమెరాకు ఎదురుగా, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. "అయ్యయ్యో, అదేంటి, మీరే అడ్డం..." అని మళ్ళీ తెర చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినవాడే, మరీ తెలియనివాడు కాదు. పెన్ను మూత మెల్లగా పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. డిపోకి ఫోన్ చెయ్యండి. ఆ పన్నెండు బస్సులూ వెనక్కి పెట్టొద్దని చెప్పండి. ఇప్పుడే చెయ్యండి సార్, దండం పెడతా."

ఆయన నంబరు వెతుక్కుంటున్నాడు. అంతలో ఈవిడ చేతిలో ఫోన్ మోగింది.

"ఏంటే నీ గోల? నాలుగుసార్లు చేశావు! బండి మీదుంటే ఎత్తనని తెలీదా నీకు?"

"అక్కా, ఎక్కడున్నావు?"

"షెడ్డు ముందర. రివర్సు గేరు వేసి, నీ పుణ్యమా అని బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నా. త్వరగా చెప్పు, పెట్టేసి పోవాలి."

"పెట్టకు. కాలు తియ్యకు. తెరలో ఏం కనబడుతోంది?"

"ఏముంటుంది, ఖాళీ. పిట్ట కూడా లేదు. నువ్వన్నట్టే భలే శుభ్రంగా కనబడుతోందిలే, ఒప్పుకున్నా, సరేనా?"

"అక్కా, నేను ఇక్కడ కెమెరా ముందు నిలబడి ఉన్నా. చెయ్యి ఊపుతున్నా. మా తెరలో కూడా ఎవరూ లేరు."

ఇంజను ఆగింది. హ్యాండు బ్రేకు బరబరా లాగిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, మెట్లు దిగిన బూట్ల చప్పుడు. తర్వాత నడక, బస్సు పొడుగునా, ఫోన్ చేతిలో ఊగుతోందేమో గాలి రాసుకున్న చప్పుడు. నడక ఆగింది. ఎవరో ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినబడింది. ఆ తర్వాత అక్క గొంతు, ఫోన్‌కు దూరంగా, ఈవిడతో కాదు, ఇంకెవరితోనో, జన్మలో ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"అమ్మా... ఆ బకెట్టు అక్కడే వదిలేసి, నువ్వు ఇటు రామ్మా. ఏం లేదు. ఊరికే. మెల్లగా లేచి ఇటు రా."